ఏఐజీ: సొమ్మొకడిది, సోకొకడిది

మొన్నామధ్య మా ఆఫీసులో రిస్కు మోడళ్ళ మీద ఓ ట్రైనింగ్ పెట్టారు. రెండు గంటలు, మధ్యలో టీ, సమోసా. స్లైడుల్లో ఒకదాని మీద ఏఐజీ పేరు, దాని కింద ఒకే ఒక్క వాక్యం.. 2008లో ఎవరూ ఊహించలేని పరిస్థితి వచ్చి వాళ్ళ మోడల్ ఫెయిలైంది అని. పక్కన కూర్చున్న కుర్రాడు మెల్లిగా నా వైపు వంగి "అన్నా, ఏఐజీ అంటే మన గచ్చిబౌలి హాస్పిటలే కదా, దానికేమైంది?" అన్నాడు. వాడి తప్పేం లేదు, 2008లో వాడు రెండో తరగతి. కానీ ఆ స్లైడు చూపిస్తున్నాయన నా వయసువాడే. ఆయనకి తెలిసుండాలి. తెలిసీ ఆ వాక్యం చదివి ముందుకెళ్ళిపోయాడని నాకు ఒళ్ళు మండింది.

ఎవరూ ఊహించలేదా? ఊహించారు. అడిగారు కూడా. అడిగినవాణ్ణి దగ్గరికి రానివ్వలేదు, అంతే. ఆ సంగతికి తర్వాత వస్తాను. మా కుర్రాడిలాంటి వాళ్ళ కోసం ముందు ఆ కంపెనీ ఏమిటో నాలుగు ముక్కలు చెప్పాలి.

కార్నీలియస్ వాండర్ స్టార్ అనే 27 ఏళ్ళ అమెరికన్ 1919లో షాంఘైలో ఓ చిన్న బీమా ఏజెన్సీ తెరిచాడు. అక్కడి విదేశీ కంపెనీలు చైనావాళ్ళకి జీవితబీమా అమ్మడానికి ముందుకు రాని రోజుల్లో ఈయన అమ్మాడు. 1939లో, యుద్ధం ముదురుతుంటే, ప్రధాన కార్యాలయం న్యూయార్క్‌కి మారింది. 1960ల చివర్లో పగ్గాలు మారిస్ గ్రీన్‌బర్గ్ చేతికి వచ్చాయి. ఆయన 2005 దాకా, అంటే దాదాపు నలభై ఏళ్ళు, ఏకఛత్రంగా ఏలాడు. వేరేవాళ్ళు భయపడి వదిలేసే రిస్కులన్నీ వీళ్ళు రాసేవాళ్ళు. 2001లో టాటాలతో కలిసి మన దేశానికీ వచ్చారు. 2007 నాటికి 130 పైచిలుకు దేశాలు, లక్షా పదహారు వేల మంది ఉద్యోగులు, ట్రిలియన్ డాలర్ల ఆస్తులు. అన్నిటికన్నా విలువైంది 2005 దాకా ఇంకోటుండేది: ట్రిపుల్ ఏ రేటింగు. అంటే "వీళ్ళు మాటిస్తే డబ్బు ఇచ్చినట్టే" అని లోకం వేసిన ముద్ర.

ఇప్పుడు నా గొడవ కొంచెం. 2008లో నేను కనెక్టికట్‌లో ఓ బీమా కంపెనీకి ఆన్‌సైట్‌లో పనిచేస్తున్నాను. క్లెయిముల సిస్టం. అందులో రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబు ఒకటుండేది. ఆ రోజు వచ్చిన ప్రతి క్లెయిముకీ ఎంత డబ్బు పక్కన పెట్టాలో లెక్కగట్టి రిజర్వు ఖాతాలో వేస్తుంది. ఎవడిదో డాబా కప్పు లేచిపోయిందనుకోండి, సర్వేయరు చూడకముందే ఇంత అని ఓ అంకె పక్కన పడిపోవాలి. ఓసారి నేను చేసిన మార్పు వల్ల ఓ రకం క్లెయిములకి ఆ అంకె పడలేదు. ఓ నలభై దాకా ఉంటాయి, అన్నీ చిన్నాచితకావే. తెల్లవారుజామున రెండింటికి ఫోనొచ్చింది. పొద్దున్న క్లయింటు తరఫు పెద్దావిడ, ఆ సిస్టం పుట్టినప్పట్నించీ ఉన్న మనిషి, నన్ను కూర్చోబెట్టి కళ్ళనీళ్ళు తిరిగేలా పాఠం చెప్పింది. రిజర్వు పెట్టకుండా మాటిస్తే దాన్ని బీమా అనరు నాయనా, ఇంకేదో అంటారు అని ఆవిడ చెప్పిన దాని సారాంశం.

మా ఆఫీసు నించి గంటన్నర కారు ప్రయాణం లోపే విల్టన్ అనే ఊరుంది. ఏఐజీ ఫైనాన్షియల్ ప్రొడక్ట్స్ అనే విభాగం ఆఫీసు అక్కడ, దాని రెండో కాలు లండన్‌లో. అంతా కలిపి ఓ నాలుగొందల మంది. 2007 ఆఖరికి ఆ నాలుగొందల మంది రాసిన హామీల మొత్తం 527 బిలియన్ డాలర్లు. దానికి వాళ్ళు పక్కన పెట్టిన రిజర్వు? గుండుసున్నా అంటే అతిశయోక్తి కాదు.

ఎలా కుదిరింది అంటారా. వాళ్ళు రాసేదాన్ని బీమా అనలేదు, క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్ అన్నారు. బ్యాంకు దగ్గర ఓ బాండు ఉంది, అది మునిగితే నష్టం మేం కడతాం, మాకు ఏటా ఇంత ఇవ్వు.. అచ్చం బీమాయే. కానీ పేరు స్వాప్ కాబట్టి బీమా చట్టాలు వర్తించవు. 2000 డిసెంబర్లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ఇలాంటి వాటిని దాదాపు అన్ని నియంత్రణల నించీ తప్పించేసింది. మొత్తం కంపెనీని పైనించి చూడాల్సింది ఎవరో తెలుసా? చిన్న పొదుపు బ్యాంకుల్ని పర్యవేక్షించే ఓ ఆఫీసు. ఏఐజీకి ఓ బుల్లి పొదుపు బ్యాంకు ఉండటమే అందుకు కారణం! తర్వాత ఆ ఆఫీసునే ఎత్తేశారు, అది వేరే సంగతి.

ఫీజు ఎంత? తనఖా లోన్లతో అల్లిన బాండ్ల మీద నూరు డాలర్ల హామీకి ఏడాదికి పన్నెండు సెంట్ల చొప్పున. చూడ్డానికి చిల్లర. కానీ పదుల, వందల బిలియన్ల మీద, రిజర్వు ఖర్చు లేకుండా వస్తే అది చిల్లర కాదు. ఆ విభాగంలో మనిషికి సగటున ఏడాదికి మిలియన్ డాలర్ల పైన జీతభత్యాలు వెళ్ళాయి. దాన్ని నడిపిన జోసెఫ్ కసానో ఎనిమిదేళ్ళలో 280 మిలియన్లు తీసుకున్నాడని అమెరికా కాంగ్రెస్ విచారణలో తేలింది. అద్దెకిచ్చింది దేన్ని? షాంఘై నించి ఎనభై ఏళ్ళు ఏజెంట్లు ఇంటింటికీ తిరిగి కూడబెట్టిన పరువుని. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇక మోడల్ దగ్గరికి వద్దాం, మనవాళ్ళందరికీ అదే కావాలి కదా. గ్యారీ గోర్టన్ అనే వార్టన్ ప్రొఫెసర్ కట్టిన మోడల్ అది. మామూలు మనిషి కాదు, పెద్ద పండితుడు. అడిగిన ప్రశ్న: ఈ బాండ్లలో అన్నిటికన్నా భద్రమైన పై పొర నిజంగా నష్టపోయే అవకాశం ఎంత? మోడల్ జవాబు: 99.85 శాతం నమ్మకంతో, ఏమీ కాదు. సరే. ఆ లెక్క ఒప్పో తప్పో పక్కన పెట్టండి. కాంట్రాక్టులో ఇంకో షరతు ఉంది. బాండు మునగక్కర్లేదు. దాని మార్కెట్ ధర తగ్గినా, దాని రేటింగు తగ్గినా, ఏఐజీ సొంత రేటింగు తగ్గినా, ఏఐజీ వెంటనే నగదు తెచ్చి అవతలి బ్యాంకు చేతిలో హామీగా పెట్టాలి. ఇది కొలాటరల్ షరతు. మోడల్‌ని ఈ ప్రశ్న అడగనేలేదు!

దీన్ని "మోడల్ ఫెయిలైంది" అంటారా? నేనొక ఫంక్షన్ రాశాను, అది దానికిచ్చిన ఇన్‌పుట్‌కి చెప్పాల్సిన అవుట్‌పుట్ చెప్పింది. ప్రొడక్షన్‌లో ఇంకో ఇన్‌పుట్ కూడా వస్తుందని సంతకాలు పెట్టిన కాగితంలోనే రాసుంది. చదవలేదు. మనం రోజూ అనే మాట ఒకటుందే, "అది రిక్వైర్‌మెంట్‌లో లేదండీ" అని.. ఇక్కడ ఆ మాటకి కూడా చోటు లేదు, ఎందుకంటే అది ఉంది. ఇంకా ఘోరం వినండి. ఏఐజీ సీఎఫ్‌వోకీ, చీఫ్ రిస్క్ ఆఫీసరుకీ ఆ షరతు ఉందనే సంగతి 2007 వేసవిలో గోల్డ్‌మన్ శాక్స్ డబ్బు అడిగేదాకా తెలియదట! సంక్షోభం మీద వేసిన విచారణ కమిషన్‌కి వాళ్ళే చెప్పుకున్నారు. ఉద్యోగం పేరు చీఫ్ రిస్క్ ఆఫీసరు మరి.

ఆ మొదటి ఫోను 2007 జూలై ఆఖర్లో వచ్చింది. గోల్డ్‌మన్ అడిగింది 1.8 బిలియన్లు. రెండు వారాలు తిరక్కుండానే, ఆగస్టు 9న, ఇన్వెస్టర్ల కాల్‌లో కసానో ఏం చెప్పాడంటే.. ఈ లావాదేవీల్లో ఒక్క డాలరు పోయే పరిస్థితి కూడా, బుద్ధికందే మేరలో, ఊహించడమే కష్టం అని. అప్పుల్తోడు తలుపు తడుతుంటే లోపల కూర్చుని మాకు అప్పులే లేవని చుట్టాలకి చెప్పినట్టు.

ఇప్పుడు ఆ అడిగినవాడి సంగతి. జోసెఫ్ సెయింట్ డెనిస్ అనే అకౌంటింగ్ నిపుణుణ్ణి ఆ విభాగంలో లెక్కల విధానాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికే తెచ్చుకున్నారు. మన భాషలో చెప్పాలంటే రివ్యూయర్. గోల్డ్‌మన్ డబ్బు అడిగిందని విని ఆయన ఆ స్వాప్‌ల విలువ కట్టే పద్ధతి గురించి ప్రశ్నలు వేశాడు. అక్టోబర్ 1న రాజీనామా ఇచ్చి బయటికొచ్చేశాడు. తర్వాత కాంగ్రెస్‌కి రాసిన ఉత్తరంలో కారణం చెప్పాడు: నిన్ను కావాలనే ఆ పనికి దూరంగా ఉంచాను, నువ్వొస్తే ప్రక్రియ కలుషితమౌతుందని నా భయం అని కసానో మొహమ్మీదే అన్నాడట. రివ్యూ చేసేవాడొస్తే కోడ్ మైలపడుతుందన్నమాట! ఇది 2008 సెప్టెంబర్‌కి ఏడాది ముందు సంగతి. స్లైడులో "ఎవరూ ఊహించలేని" అని రాసినాయనకి నేను చూపించాలనుకున్నది ఈ ఉత్తరం ఒక్కటే.

2008 ఫిబ్రవరిలో ఆడిటర్లు లెక్కల మీద పెద్ద లోపం ఉందని బయటపెట్టించారు, 11 బిలియన్ల విలువ కొట్టేశారు. మార్చిలో కసానో వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయాడంటే.. నెలకి మిలియన్ డాలర్ల కన్సల్టెంటుగా వెళ్ళాడు :)

మరి "నాలుగొందల మంది పాడుచేశారు, మిగతా లక్ష మందీ శుద్ధపూసలు" అనే వాదన ఒకటుంది. అదీ నేనొప్పుకోను. ఏఐజీ జీవితబీమా కంపెనీలు తమ దగ్గరున్న బాండ్లని వేరేవాళ్ళకి అప్పిచ్చి, హామీగా వచ్చిన నగదుని తీసుకెళ్ళి ఇళ్ళ తనఖా బాండ్లలోనే పెట్టాయి. రేపు అడిగితే ఇవ్వాల్సిన డబ్బు అది. అందరూ ఒకేసారి అడిగారు. అక్కడ పోయింది ఇరవై బిలియన్ల పైనే. ఇవి రాష్ట్రాల బీమా నియంత్రణ కింద, పట్టపగలు, అందరి కళ్ళముందూ నడిచిన కంపెనీలు. తిలా పాపం తలా పిడికెడు.

2008 సెప్టెంబర్ 15, సోమవారం. పొద్దున్న లేమన్ దివాళా. అదే రోజు మూడు రేటింగు సంస్థలూ ఏఐజీ రేటింగు తగ్గించాయి. ఆ షరతు పేలింది. పది బిలియన్లకు పైగా నగదు, తక్షణం. మర్నాడు సాయంత్రానికి ఫెడరల్ రిజర్వు 85 బిలియన్ల అప్పు, బదులుగా కంపెనీలో 79.9 శాతం వాటా. మా క్లయింటు ఆఫీసు క్యాంటీన్లో టీవీ ముందు జనం నిలబడిపోయారు. ఎవరూ మాట్లాడట్లేదు. నాకు పాఠం చెప్పిన పెద్దావిడ కాసేపు చూసి, కాఫీ పట్టుకుని తన సీటుకి వెళ్ళిపోయింది. మొత్తం సాయం చివరికి 182 బిలియన్ల దాకా పెరిగింది. ఆ ఏడాది ఏఐజీ నష్టం 99 బిలియన్లు.

ఆ సాయం ఎవరికి అందింది? నవంబర్లో న్యూయార్క్ ఫెడ్ ఓ కంపెనీ పెట్టించి, ఏఐజీ హామీ ఇచ్చిన బాండ్లని బ్యాంకుల నించి కొనిపించింది. బ్యాంకులు ముందే తీసుకున్న హామీ సొమ్ముతో కలిపి నూటికి నూరు. బజార్లో వాటికి సగం ధర కూడా పలకని రోజుల్లో! రెండు శాతం తగ్గించుకోవడానికి యూబీఎస్ సిద్ధపడింది, మిగతావి కుదరదన్నాయి, సరేలెమ్మని అందరికీ పూర్తిగా కట్టారు. హామీల లెక్కలూ, బాండ్ల అప్పుల లెక్కలూ అన్నీ కలిపితే గోల్డ్‌మన్‌కి చేరింది 12.9 బిలియన్లు, సొసైటీ జనరాల్‌కి 11.9, డాయిష్ బ్యాంక్‌కి 11.8. ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకి ఇంత ఉదారంగా ఎవరు లెక్క సెటిల్ చేశారో ఎవరైనా చెప్తే వింటాను. పైగా 2009 మార్చిలో ఆ స్వాప్‌లు రాసిన విభాగానికే 165 మిలియన్ల బోనసులు. పోకుండా ఉండటానికట! ఆ నెలల్లో మావాళ్ళు బెంచి మీద కూర్చుని వీసా గడువులు లెక్కపెట్టుకుంటున్నారు.

ఇంత చెప్తే చివర్లో ఒకడు లేస్తాడు, "కానీ ప్రభుత్వానికి లాభమొచ్చింది కదా" అని. నిజమే, 2012 డిసెంబర్లో ఆఖరి షేర్లు అమ్మేసరికి 22.7 బిలియన్ల మిగులు అని ప్రకటించారు. తాగి బండి నడిపినవాడు ఇల్లు చేరితే లైసెన్సు ఇచ్చేస్తామా? ఆ లెక్కలో ఇంకో మెలిక కూడా ఉంది. యాజమాన్యం అలా చేతులు మారితే పాత నష్టాల మీద పన్ను మినహాయింపుకి కత్తెర పడాలి. ట్రెజరీ ప్రత్యేక నోటీసులిచ్చి పడకుండా చూసింది. 2011 ఆఖరి మూడు నెలల్లో ఏఐజీ చూపించిన లాభం 19.8 బిలియన్లలో 17.7 ఇలాంటి పన్ను లెక్కల పుణ్యమే. కుడిజేబులోంచి తీసి ఎడంజేబులో వేసుకుని లాభం అనుకున్నారు.

గ్రీన్‌బర్గ్ ఏమన్నాడంటారా? తప్పంతా తను వెళ్ళిపోయాక వచ్చినవాళ్ళదని. ఆ విభాగం 1987లో పుట్టింది ఆయన హయాంలో. కసానోని అధిపతిని చేసింది ఆయన హయాంలో. ఆయన 2005లో దిగిపోయిందే లెక్కల గోల్‌మాల్ మీద, ట్రిపుల్ ఏ పోయిందీ అప్పుడే. తర్వాత ప్రభుత్వం మా షేర్లు అన్యాయంగా లాక్కుందని కేసేశాడు. 2015లో జడ్జి ఫెడ్ హద్దు మీరిందన్నాడు, కానీ నష్టపరిహారం సున్నా అన్నాడు, ఎందుకంటే ఆ అప్పు లేకపోతే షేరు విలువే సున్నా. పై కోర్టులో ఆ కాస్తా కూడా పోయింది. పాత లెక్కల కేసులో మాత్రం 2017లో తొమ్మిది మిలియన్లు కట్టి రాజీపడ్డాడు. కసానో మీద ప్రభుత్వం అసలు కేసే పెట్టలేదు.

ట్రైనింగ్ అయ్యాక ఆయన్ని పట్టుకుని ఆ వాక్యం తప్పు, మార్చండి అన్నాను. "కంటెంటు వెండర్ పంపిందండీ, మార్చాలంటే చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి" అన్నాడు. పెట్టాను, సెయింట్ డెనిస్ ఉత్తరం జత చేసి మరీ. మూడు వారాలైంది. ఇవాళ పొద్దున్న చూస్తే స్టేటస్ మారింది.. లో ప్రయారిటీ.