ఉప్పునీటి తొట్టి: వెల యెక్కడ?

అడిక్‌మెట్ గృహస్థుడు సముద్రపు చేపలను పెంచదలచెనేని, కడలి నూరు మైళ్లకు పైబడిన దూరమున నున్నది. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణమును తానే కలుపుకొనవలెను. వంట యుప్పు చాలదు. మెగ్నీషియము, కాల్షియము గూడ నుండవలెను. ఆ లవణమును, నురుగుతో మాలిన్యమును తీయు స్కిమ్మరును తరచు విదేశములనుండియే వచ్చుచున్నవి. ఓడకూలి, సుంకము, వర్తకుని లాభము చేరి వెల హెచ్చుట సహజమే. దానికి మేము వగవము. పెట్టెపై వెలయే కానరాకుండుట మా యభియోగము. దిగుమతిదారుని పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ముద్రింపవలెనని 2011 నాటి నిబంధనలు శాసించుచున్నవి. కొనువాని దుస్తులు చూచి ధర చెప్పుట యే వర్తకధర్మము? ఇది ధనికుల విలాసము గదా యని కొందరందురు. చట్టమట్టి భేదమును చేయలేదే! వెల ముద్రింపని పెట్టె నమ్మజూపినచో బిల్లు నడిగి పుచ్చుకొని, తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు వ్రాయవలసినదిగా పాఠకులను కోరుచున్నాము.