దిమాగ్ ఉంది, జాన్‌పెహచాన్ ఏదీ?

'మన పిల్లలకు దిమాగ్ లేదు' అనే మాట ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఇక చాలించండి. దిమాగ్ ఉంది. లేనిది జాన్‌పెహచాన్.

శాంతా బయోటెక్నిక్స్ పెట్టిన వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. పరిశోధనకు ఉస్మానియా యూనివర్సిటీ, ఆ తర్వాత సీసీఎంబీ జాగా ఇచ్చాయి. పైసా ఒమాన్ నుంచి వచ్చింది. 1997లో హెపటైటిస్-బి టీకా బజారుకొచ్చింది. ఈ తాల్లుఖాత్ లేకుంటే ఆ ఇల్మ్ ల్యాబులోనే దఫన్ అయ్యేది.

ఇదీ సిఫారిషే కదా అంటారేమో. కాదు. సిఫారిష్ నాలాయక్‌ను కుర్చీ ఎక్కిస్తుంది. పెహచాన్ లాయక్ పనిని అవామ్ దాకా చేరుస్తుంది.

జిన్నింగ్ మిల్లులో మిషన్ బాగుచేసే మన పిల్లాడికి, మగ్గం మీద కూర్చునే పిల్లకు నంద్యాల పత్తి సైంటిస్టునో, కర్నూలు ఇంజనీరింగ్ ప్రొఫెసరునో ఎవరు చూపించారు? షాదీఖానాలకు చందాలెత్తే కమిటీ పెద్దలారా, ఏడాదికోసారి ఓ బస్సు మాట్లాడండి. నసీబ్‌ను తర్వాత తిడదాం.