కారు కళ్లకు పొర

రాయచోటి నుంచి కడపకు వస్తున్నారనుకోండి. గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొనుక్కునేసరికి చీకటి పడింది. ఇక ఘాట్ దిగాలి. లైట్లు వేశారు. వెలుతురు బానెట్ ముందు చల్లినట్టు పడుతోందే తప్ప మలుపు దాకా పోవడం లేదు. బల్బు చూస్తే మొన్ననే మార్చారు. మరి తేడా ఎక్కడుంది? తెల్లవారాక కారు ముందు నిలబడి చూడండి. హెడ్‌లైట్ల మీద పసుపుపచ్చగా, మసకగా పొర కనిపిస్తుంది. ముసలివాళ్ల కంట్లో శుక్లం ముదిరినట్టే.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో ఈ బాధ లేదు. వాటివి గాజు దీపాలు. రాయి తగిలితే పగిలేవేగానీ పసుపెక్కేవి కావు. ఇప్పటి కార్ల దీపాలకు ముందుండే అద్దం నిజానికి అద్దం కాదు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీకి చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన డేనియల్ ఫాక్స్ ఎవరికి వారుగా దీన్ని తయారుచేశారు. తేలిక. ఓ పట్టాన పగలదు. ఎలా కావాలంటే అలా పోత పోయొచ్చు. దీనికి పడనిది ఒక్కటే, ఎండ. అందుకే కంపెనీవాళ్లు పైన గట్టి పారదర్శక పూత వేసి పంపుతారు. ఆ పూత ఉన్నన్నాళ్లూ దీపం తళతళలాడుతుంది. అతినీలలోహిత కిరణాలకు పూత చివికిందంటే అడుగున ఉన్న ప్లాస్టిక్ కూడా పసుపెక్కి మసకబారుతుంది.

కర్నూలు, కడపల్లో ఎండ గురించి ఒకరు చెప్పాలా? వేసవిలో నలభై దాటని రోజు ఉంటే అదే వార్త. దానికితోడు దుమ్ము. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు తిరిగే బండ్లకైతే రాతిపొడి. పొద్దున్నే పొడిగుడ్డతో ఆ దుమ్మును రుద్ది తుడిచేస్తాం చూడండి, అది పూతను గీకడమే. ముందు నీళ్లు పోయాలి, తర్వాతే గుడ్డ.

అమెరికాలో వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2018లో దీన్ని కొలిచి చూసింది. బాగా మసకబారిన దీపం కొత్తదాని వెలుతురులో 20 శాతమే ఇస్తోందట. శుభ్రంగా రుద్ది బాగుచేస్తే సుమారు 70 శాతానికి వచ్చింది. మన లెక్కలో చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు దాటేస్తుంది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దారిలో వెనక ఎర్రలైటు కూడా లేని ట్రాక్టరు ట్రాలీ ముందుంటే, దాన్ని ఒక్క సెకను ముందుగా చూశామా లేదా అన్నదే లెక్క.

కొందరు వెలుతురు చాలక ఎక్కువ వాట్ల బల్బు వేయిస్తారు. ఇది మాత్రం వద్దు. పొర మీద పడిన వెలుతురు చెదిరిపోతుంది కనుక మీకు దారి కనిపించదు సరికదా, ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్ముతాయి. పైగా ఆ వేడికి హోల్డరు, వైర్లు, లోపలి రిఫ్లెక్టరు దెబ్బతింటాయి.

ముందు నీళ్ల పరీక్ష

పని మొదలుపెట్టే ముందు దీపం మీద చెంబుడు నీళ్లు పోయండి. తడిగా ఉన్నంతసేపు దీపం తేటగా కనిపించిందా? అయితే పొర బయటే ఉంది, ఇంట్లో బాగుచేసుకోవచ్చు. తడిపినా మసక అలాగే ఉంటే అది లోపలిది. బయట ఎంత రుద్దినా లాభం లేదు. వారంటీలో ఉన్న కారైతే అసలు ముట్టుకోకుండా షోరూమ్‌కు తీసుకెళ్లండి.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పెయింట్ల షాపులో వాటర్ పేపర్ అడగండి, తడిపి రుద్దే గరుకు కాగితం. 800, 1000, 1500, 2000 నంబర్లు ఒక్కొక్కటి చాలు. మాస్కింగ్ టేపు, బకెట్ నీళ్లు, మెత్తటి నూలుగుడ్డలు. ఇంతవరకు రెండొందలు కూడా కాదు. ఖర్చంతా చివరి పూతదే.

ఎండెక్కకముందే మొదలుపెట్టండి. దీపం కడిగి, చుట్టూ ఉన్న పెయింటుకు, బంపరుకు టేపు రెండు మూడు వరుసలు అంటించండి. కాగితం చేయి జారితే దీపం కన్నా పెయింటుకు అయ్యే ఖర్చే ఎక్కువ. కాగితాన్ని కాసేపు నీళ్లలో నాననిచ్చి, నీళ్లు పోస్తూ 800తో అడ్డంగా రుద్దండి. మొదట పసుపుపచ్చటి పాలు కారతాయి. అది చివికిపోయిన పాత పూత. పాలు తెల్లబడేవరకు ఆపకండి. ఈ దశలో దీపం మొదటికన్నా అధ్వాన్నంగా, తెల్లగా బూడిద రాసినట్టు కనిపిస్తుంది. కంగారు పడొద్దు. తర్వాత 1000తో నిలువుగా, 1500తో మళ్లీ అడ్డంగా. దిక్కు మార్చడం ఎందుకంటే, కిందటి కాగితం గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. గరుకు రాయి నుంచి నున్నటి రాయికి వరుసగా పోవాల్సిందే. మధ్యలో ఒక నంబరు ఎగ్గొడితే గీత అలాగే మిగిలిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. రుద్దడంతో పొర పోయింది, దాంతోపాటు ఎండను ఆపే పూత కూడా పూర్తిగా పోయింది. ఇక్కడితో వదిలేస్తే మన ఎండకు కొద్ది నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. చాలామంది ‘రుద్దించాం, మళ్లీ మామూలే’ అని విసుక్కునేది ఇందుకే. పూత వేసే ఉద్దేశం లేకపోతే రుద్దకపోవడమే మేలు.

పూత వేసేట్టయితే 1500 దగ్గరే ఆగిపోండి. 2000 కాగితం, పాలిష్ జోలికి పోవద్దు. సన్నటి గరుకు ఉంటేనే పూత పట్టుకుంటుంది, ఆ గీతలను పూతే నింపేస్తుంది. పాలిష్‌లోని జిడ్డు మీద కొట్టిన పూత పొరలు పొరలుగా లేచిపోతుంది. మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. బోరు నీళ్లయితే ఆరాక తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి, చివరి కడుగు ఫిల్టరు నీళ్లతో చేయండి. ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి, ఎండను తట్టుకుంటుందనీ, హెడ్‌లైట్లకు పనికొస్తుందనీ డబ్బా మీద రాసి ఉన్న క్లియర్ స్ప్రేను పలచగా రెండు మూడుసార్లు కొట్టండి. ఒక్కసారే దట్టంగా కొడితే ధారలు కడుతుంది. గాలి లేని చోటు చూసుకోండి. ఆషాఢమాసపు గాలిలో ఆరుబయట స్ప్రే కొట్టారో, సీమ దుమ్మంతా దాని మీదే.

హార్డెనర్ కలిపి కొట్టే రకం ఇంకా గట్టిగా నిలుస్తుంది. కానీ దాని ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు. నా సలహా అడిగితే, రుద్దే పని ఇంట్లో చేసుకుని, టేపు తీయకుండా దగ్గర్లోని డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుకు తీసుకెళ్లండి. ఆయన వేరే కారుకు క్లియర్ కొట్టేటప్పుడు మీ దీపాలకూ రెండు చేతులు కొడతాడు. మజూరీలో ఎక్కువ భాగం రుద్దడానిదే కాబట్టి తక్కువలో తేలిపోతుంది. కొత్త జత కొనాలంటే చిన్నకారుకైనా వేలల్లో మాట.

పేస్టు రుద్దితే చాలంటారు కదా అనొచ్చు. టూత్‌పేస్టులో సన్నటి గరుకుపొడి ఉంటుంది, లేత పొరయితే పోతుంది. నిజమే. కానీ అది ఎండను ఆపదు. పెళ్లికి పోయేముందు మెరిపించుకోవడానికి సరిపోతుందంతే. దోమలు కుట్టకుండా ఒంటికి రాసుకునే మందు రుద్దితే వెంటనే తేటబడుతుందని ఇంకొందరు చెబుతారు. అందులోని రసాయనం ప్లాస్టిక్ పైపొరను కరిగించి ఆ మెరుపు తెస్తుంది. కొన్నాళ్లకు మొదటికన్నా పాడవుతుంది. థిన్నరు, పెట్రోలు అసలే వద్దు, సన్నటి బీటలు వస్తాయి.

బైకు దీపాలు చాలావాటివి ఇదే ప్లాస్టిక్, పద్ధతి కూడా ఇదే.

పూత వేశాక ఒక రోజంతా తడి తగలనివ్వకండి. ఆ రాత్రి గోడకు ఎదురుగా కారు నిలిపి డిమ్ లైటు వేసి చూడండి, వెలుతురుకు పైన గీత గీసినట్టు అంచు కనిపించాలి. రెండు దీపాల అంచూ ఒకే ఎత్తులో లేకపోతే మెకానిక్ దగ్గర సరిచేయించండి. ఇక మీదట మధ్యాహ్నం కారు నిలిపేటప్పుడు మూతి వేపచెట్టు నీడలోకి పెట్టండి. వెనకభాగం ఎండలో ఉన్నా ఫరవాలేదు.