ఆంగ్లపదపరిచయము – ‘ఓన్లీ’

ఇంగ్లీషు చదువనివారికి సైతము తెలిసిన ఇంగ్లీషుమాటలు కొన్ని కలవు. ‘ఓన్లీ’ యనునది అట్టివానిలో నొకటి. బడిపిల్లల నోటను, మందుసీసాల మీదను, బ్యాంకు కాగితములయందును ఇది దినమునకు పదిమారులు మన కెదురగుచుండును. చిన్నమాటయే కదా యని దీనిని ఉపేక్షింపరాదు. ఒక్కొక్కచో మన సొమ్మును, మన బిడ్డల క్షేమమును గూడ దీనిపై ఆధారపడి యుండును. కావున ఈ మాసమున దీని తీరును కొంచెము విచారింతము.

ప్రాచీనాంగ్లమున ‘ఆన్’ అనగా ఒకటి. ‘లిచ్’ అనగా పోలిక గలది. ఈ రెండును గలిసి యేర్పడిన మాటయే నేటి ‘ఓన్లీ’. ‘ఓన్లీ సన్’ అనిన ‘ఒక్కగానొక్క కొడుకు’ అని యర్థము వచ్చుట అందువలననే. అచ్చట నది విశేషణము. క్రియావిశేషణమైనప్పుడు దానికి మన తెనుగుమాట ‘మాత్రమే’.

తెనుగున ‘మాత్రమే’ తాను హద్దు గీయవలసిన పదమును వెంటనంటి యుండును. ‘సీత మాత్రమే కమలకు పండు నిచ్చెను’ అనిన మఱియెవరును ఈయలేదని భావము. ‘సీత కమలకు మాత్రమే పండు నిచ్చెను’ అనిన ఇతరులకు ఈయలేదని. ‘పండు మాత్రమే యిచ్చెను’ అనిన పూవులు మొదలగునవి ఈయలేదని. ఇంగ్లీషువారో, మాటలాడునప్పుడు ‘ఓన్లీ’ని తఱచుగా క్రియకు ముందుంచి, ఏ పదమునకు అది చెందునో గొంతు ఒత్తి తెలుపుదురు. వ్రాతలో గొంతు వినబడదు గదా! అందుచేత 1762లో వ్యాకరణము రచించిన రాబర్టు లౌతు, ఈ మాటను అది చెందు పదముచెంతనే యుంచవలెనని బోధించెను. 1926లో వెలువడిన తన గ్రంథమున ఫౌలరు, అర్థమునకు భంగము లేనిచో వాడుకలోనున్న చోటినుండి దానిని కదల్ప బనిలేదనెను. పలుకునప్పుడు ఫౌలరును, వ్రాయునప్పుడు లౌతును అనుసరించుట మేలని మా యభిప్రాయము.

మనవారు ‘నేను ఇంటిలోనే యున్నాను’ అనుటకు ‘ఐ యామ్ ఎట్ హోమ్ ఓన్లీ’ యందురు. మన ‘ఏ’కారము కొన్నిచోట్ల హద్దును గాక ఒత్తును తెలుపును, హిందీవారి ‘హీ’ కూడ అట్టిదే. ఆ యొత్తునే మనము ‘ఓన్లీ’తో పలుకుచున్నాము. ఇది మనదేశమున పాదుకొనిన వాడుక; దీనిని విని నవ్వ బనిలేదు. కాని పరీక్షాపత్రములయందును, విదేశీయులకు వ్రాయు లేఖలయందును బిడ్డలు దీనిని విడుచుట మంచిది.

మఱి రెండు పలుకుబళ్లు గలవు. ‘ఓన్లీ టూ గ్లాడ్’ అనిన ‘మిక్కిలి సంతోషము’ అని యర్థమేగాని సంతోషమునకు కొఱత యని కాదు. ‘ఇఫ్ ఓన్లీ’ యనునది ‘అట్లు జరిగియుండిన నెంత బాగుండెడిది!’ అని కోరికను, విచారమును దెలుపును.

ఇక ముఖ్యమైన సంగతి. మందుసీసాపై ‘ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ’ యని యున్నచో అది పైపూతకు మాత్రమే; నోటిలోనికి పోరాదు. కర్పూరము గలిసిన పూతమందు కొంచెము కడుపులోనికి పోయినను పసిబిడ్డలకు మూర్ఛలు రావచ్చును. అట్లు జరిగినచో వాంతి చేయింప యత్నింపక, ఆ సీసాను గూడ తీసికొని వెంటనే ఆసుపత్రికి పోవలెను.

చెక్కుమీదను, రసీదుమీదను సొమ్మును అక్షరములలో వ్రాసి, చివర ‘ఓన్లీ’ యని ముగింతురు. ‘అయిదువేల’ తరువాత చోటు విడిచినచో దాని వెంట ‘తొమ్మిదివందల’ యని యెవరైన చేర్పవచ్చును. ‘మాత్రమే’ యని వ్రాసి, మిగిలిన చోట గీత గీసినచో ఆ భయము తగ్గును. చెక్కు మూలను రెండు గీతల నడుమ ‘అకౌంట్ పేయీ ఓన్లీ’ యని యున్నచో, అందు పేరున్నవారి ఖాతాలోనికే ఆ సొమ్ము పోవలెను. బ్యాంకున చేతికి నగదుగా నీయరు. స్త్రీలు తమకు రావలసిన సొమ్మునకు చెక్కు నడుగునప్పుడు ఇట్లు వ్రాయించుకొనుట మంచిది.

మా సోదరీమణులు ఈ మాసమున ఒకదినము ఇంటనున్న మందుసీసాల నన్నింటిని ముందిడికొని, బిడ్డలచే వానిపై వ్రాతలను చదివింతురుగాక. ‘ఓన్లీ’ యున్న ప్రతిసీసాకును తెనుగు చీటి నొకటి అంటించి ‘పైపూతకు మాత్రమే’ యనియో, ‘పెద్దలకు మాత్రమే’ యనియో పెద్దయక్షరములతో వ్రాయింపుడు. బిడ్డలకు పాఠమగును; ఇంగ్లీషు చదువలేని అత్తగారికిని, అమ్మమ్మగారికిని రాత్రివేళ పొరపాటు పడు భయ ముండదు.