కాలేజీలో మొదటి ఏడాది: పిల్లలను చెప్పుకోనివ్వండి

ఏటా కౌన్సెలింగ్ ముగిసే రోజుల్లో మన సంఘాల్లో ప్రార్థన చీటీలన్నీ ఒకటే మాట చెబుతాయి. మా అబ్బాయికి సీటు వచ్చింది, దేవునికి స్తోత్రం. సంతోషమే. రెండు నెలలు గడిచాక అదే ఇంటి నుండి ఇంకో చీటీ వస్తుంది. సరిగా తినడం లేదట, నిద్ర పట్టడం లేదట, ఇంటికి వచ్చేస్తానంటున్నాడట.

అప్పుడు పెద్దలమైన మనం వెంటనే తీర్పు చెప్పేస్తాం. బద్ధకమని కొందరు, చెడు స్నేహాలని కొందరు, విశ్వాసం చల్లారిందని మరికొందరు. నా అభిప్రాయంలో ఎక్కువమంది విషయంలో ఇవేవీ నిజం కావు. ఆ బిడ్డ కొత్త చోట కుదురుకుంటున్నాడు, అంతే. కొన్ని వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో అది తగ్గుతుంది. ప్రమాదమల్లా ఆ బాధను దాచుకోవలసి రావడంలోనే ఉంది.

మన ఉయ్యూరు చుట్టుపక్కల పిల్లలు చాలామంది ఇంటర్మీడియట్ రెండేళ్లూ విజయవాడ పరిసరాల రెసిడెన్షియల్ కాలేజీల్లో గడిపి వస్తారు. అక్కడ తెల్లవారుజామున లేపేదీ, తిండికి పిలిచేదీ, రాత్రి దాకా పుస్తకం ముందు కూర్చోబెట్టేదీ గంటే. యూనివర్సిటీకి వెళ్లిన మొదటి రోజునే ఆ గంట ఆగిపోతుంది. ఎప్పుడు చదవాలో, ఎంత ఖర్చు పెట్టాలో, ఎప్పుడు పడుకోవాలో అన్నీ ఒక్కసారిగా తన చేతికి వస్తాయి. నేర్పని పనిని రాలేదని తిట్టడం న్యాయమా? నూజివీడు ట్రిపుల్ ఐటీలో (2008లో మొదలైంది) పదో తరగతి కాగానే చేరే పిల్లల సంగతి ఇంకా వేరు. వాళ్లు పదిహేను, పదహారేళ్ల వాళ్లు. పైగా తెలుగు మీడియంలో చదివినవారికి పాఠం సగం అర్థమవుతుంది, సగం కాదు. క్లాసులో లేచి అడగాలంటే సిగ్గు.

దానియేలు గురించి ఆదివారపు బడిలో అందరం విన్నాం. కల్దీయుల భాష, విద్య మూడేళ్లు నేర్చుకోవడానికి పరదేశం తీసుకుపోబడిన కుర్రవాడు. అక్కడ పేరు కూడా మార్చేశారు. మనం అతని ధైర్యం ఒక్కటే చెప్పి ఊరుకుంటాం. నాకు మాత్రం రెండు చిన్న సంగతులు ముఖ్యంగా కనిపిస్తాయి. అతను ఒంటరిగా లేడు, ముగ్గురు స్నేహితులున్నారు. తిండి విషయంలో ఇబ్బంది వస్తే లోపల కుమిలిపోలేదు. పైనున్న అధికారిని మర్యాదగా అడిగాడు, పది రోజులు పరీక్షించి చూడమన్నాడు. అంటే వార్డెన్‌ను అడిగాడన్నమాట! అడగడం అవిశ్వాసం కాదు.

ఆసుపత్రి పత్రిక కనుక ఒక విషయం వివరంగా చెప్పాలి. మూర్ఛ, షుగరు, ఉబ్బసం ఉన్న పిల్లలు హాస్టల్‌కు వెళ్లాక మందులు దాచుకుంటారు. రూమ్మేట్లు చూస్తే నవ్వుతారని, పెళ్లి సంబంధాల దాకా మాట పాకుతుందని భయం. ఈ భయం చాలాసార్లు ఇంట్లో మనం పెట్టిందే. ఎవరికీ చెప్పకు అని మనమే పంపుతాం. మాత్ర తప్పడం, నిద్ర చాలకపోవడం ఈ రెండూ ఫిట్స్ మళ్లీ రావడానికి పెద్ద కారణాలు. మొదటి ఏడాదిలో రెండూ కలిసే వస్తాయి. కనీసం ఒక రూమ్మేట్‌కు, వార్డెన్‌కు తప్పక చెప్పించండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు మాటలు ఆ స్నేహితుడికి తెలిస్తే చాలు. ఇన్సులిన్ వాడే బిడ్డకు చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే పంచదార నీళ్లు ఇవ్వాలని కూడా పక్కవారికి తెలిసి ఉండాలి. తెరవని ఇన్సులిన్ సీసాలకు ఫ్రిజ్‌లో చోటు కావాలి. అదీ అడగవలసిందే.

ర్యాగింగ్ విషయంలో మాత్రం సర్దుకుపొమ్మని చెప్పకండి. మన రాష్ట్రంలో 1997 నుండే దానిపై చట్టం ఉంది. అయినా 2015లో నాగార్జున విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకరు ప్రాణం తీసుకున్న సంగతి ఈ ప్రాంతం మరచిపోలేదు. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. మీ పిల్లల కాలేజీలో ఉన్నారో లేదో చేర్పించిన రోజే అడగండి. ఫీజు రశీదు అడిగి తీసుకుంటాం కదా, ఇది ఎందుకు అడగం?

మామూలు బెంగకూ జబ్బుకూ తేడా ఉంది. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకపోవడం, క్లాసులకు పోకుండా గదిలోనే ఉండటం, ఎవరితోనూ మాట్లాడకపోవడం కనిపిస్తే డాక్టరుకు చూపించండి. చచ్చిపోతే బాగుండునన్న మాట ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగవద్దు. ఆ రోజే వెళ్లండి, బిడ్డను ఒంటరిగా వదలకండి. 14416 టెలి మానస్ నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రార్థన మానమని ఎవరూ అనడం లేదు. జ్వరం వస్తే ప్రార్థనా చేస్తాం, మందూ వేస్తాం గదా.

ఇక తల్లిదండ్రుల ఫోన్లు. అర ఎకరం అమ్మి చదివిస్తున్నామని ప్రతిసారీ గుర్తు చేస్తే, ఆ బిడ్డ సబ్జెక్టు తప్పినా చెప్పడు, జ్వరం వచ్చినా చెప్పడు. తప్పిన సబ్జెక్టు మళ్లీ రాసుకోవచ్చు. ఫోన్ చేయగానే మార్కులు అడగకుండా, ఏం తిన్నావురా, ఎవరితో కలిసి తిన్నావు అని అడిగి చూడండి. రెండో ప్రశ్నకు జవాబు రాకపోతే ఆ ఆదివారం బస్సెక్కి వెళ్లి రండి, పచ్చడి సీసా వంక పెట్టుకునైనా సరే. సంఘ యౌవనస్తుల్లో అదే ఊళ్లో మూడో ఏడాది చదువుతున్న వారెవరైనా ఉంటే, దసరా సెలవుల్లోపే వారి నంబరు మీ బిడ్డకు ఇవ్వండి.