కథ చెప్పాల్సింది పిల్లలు

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. తర్వాత తరగతి గదుల గోడలకు డిజిటల్ తెరలు వచ్చాయి. తెలంగాణ బడుల్లోనూ డిజిటల్ పాఠాలు నడుస్తున్నాయి. సొమ్ము ప్రజలది. ఎన్ని పరికరాలు పంచారో ప్రతి సభలోనూ చెబుతారు. వాటితో తెలుగు పీరియడ్‌లో ఎంతమంది పిల్లలు సొంత కథ చెప్పారన్నది మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. పరికరాలు కొనడం తప్పు కాదు. కొని, పిల్లల్ని వాటి ముందు ప్రేక్షకులుగా కూర్చోబెట్టడం తప్పు. ఆ తప్పు రెండు రాష్ట్రాలదీ.

యంత్రం ముందు పిల్లలచేతే మాట్లాడించాలని తెలుగువారికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. మద్రాసు ఆకాశవాణిలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి ఆనాటి సరికొత్త యంత్రం ముందు పిల్లల్నే నిలబెట్టారు. మైకులో పిల్లలే మాట్లాడారు, పాడారు, నాటకాలాడారు. 1945లో ఆ దంపతులే ‘బాల’ పత్రిక మొదలుపెట్టారు. ఎనభై ఏళ్ల తర్వాత అంతకన్నా చిన్న యంత్రం బడిలోకి వస్తే పిల్లల నోరు మూయించి వినిపిస్తున్నాం.

నలభై మంది ఉన్న తరగతిలో, ముప్పావు గంట పీరియడ్‌లో అందరి కథలూ వినడం ఏ మాస్టారి వల్లా కాదు. మాటకారులు ముగ్గురు నలుగురు లేస్తారు, మిగతావాళ్లు తల దించుకుంటారు. అలా తల దించుకున్న వెనక బెంచీ అమ్మాయికి ట్యాబ్ ఇచ్చి, అమ్మమ్మ చెప్పిన కథో, నిన్న ఊళ్లో జరిగిన సంగతో వరండాలో కూర్చుని రికార్డు చేసుకురమ్మనండి. తన గొంతు తానే విన్నప్పుడు ఎక్కడ తడబడిందో, ఏ ముక్క వదిలేసిందో ఆ పిల్లకే తెలుస్తుంది. మళ్లీ చెబుతుంది. ఆ తర్వాత కాగితం మీద పెడుతుంది. శ్రీకాకుళం యాసైనా, కర్నూలు యాసైనా, కరీంనగర్ యాసైనా ఆ తొలి రికార్డులో ఒక్క మాట కూడా దిద్దకూడదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవర, కోయ, గోండి సహా ఎనిమిది గిరిజన భాషల్లో చదువు ప్రారంభించిన అనుభవం మనకుంది. ఇంటి భాషలో కథ చెప్పి, అక్కడి నుంచి తెలుగు రాతలోకి రావడం గిరిజన పిల్లలకు అన్నిటికన్నా దగ్గరి దారి.

వాచకాల్లో ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ అనే విభాగం ఉంది. దాని కింద కథ రాయమంటే పిల్లలు గైడులో అచ్చయిన కథ బట్టీపట్టి దించుతున్నారు, మనం మార్కులేస్తున్నాం. ఇప్పుడు కృత్రిమ మేధ ఆ కథను నిమిషంలో రాసిపెడుతోంది. చివరి ప్రతి ఒక్కటే చూసి మార్కులేసే పద్ధతి ఇక నిలవదు. గొంతులోని తొలి ప్రతి, కొట్టివేతలున్న మలి ప్రతి రెండూ చూడాలి.

ఫోను పిల్లల్ని పాడుచేస్తుందనే తల్లిదండ్రుల భయం ఉత్తుత్తిది కాదు. గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల పిల్లల్లో అంతకుముందు వారం చదువు కోసం స్మార్ట్‌ఫోన్ వాడినవారు 57 శాతమైతే, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతమని అసర్ 2024 విద్యా సర్వే నివేదిక చెప్పింది. అయితే బడి ఫోనుకు తలుపు మూస్తే ఆ వాడకం ఆగదు, దాన్ని చదువు వైపు తిప్పే పెద్ద దిక్కు పోతుంది. ఒక కట్టుబాటు మాత్రం కఠినంగా ఉండాలి. పిల్లల రికార్డులు బడి దాటి వాట్సాప్ గ్రూపుల్లోకీ యూట్యూబ్‌లోకీ పోకూడదు. 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డేటా పరిరక్షణ చట్టమే చెబుతోంది.

దోషం ఉపాధ్యాయులది కాదు. భోజనం ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లలో ఎక్కించమని వారి ఫోన్లను ఏళ్ల తరబడి వాడుకున్నది అధికారులే. ఆ పనికి పోయిన వేళను తెలుగు పీరియడ్‌కు తిరిగివ్వాలి. ప్రతి విద్యార్థీ ఏడాదికి కనీసం నాలుగు కథలు తన గొంతుతో చెప్పి, రాసి, అంతర్గత మార్కులు పొందేలా నిబంధన పెట్టాలి. తెలుగు పండితులకు దానిపై శిక్షణ ఇవ్వాలి. ఉన్న పరికరాలు చాలు, కొత్త టెండర్లు వద్దు. జూన్‌లో బడులు తెరిచేలోగా రెండు ప్రభుత్వాలూ ఈ ఉత్తర్వులు ఇవ్వాలి.