చలికి కాదు, ఎండకి చచ్చిన బ్యాటరీ



మార్గళి వచ్చింది. ఇక మనవాళ్లు కుటుంబాలతో కోవై నుంచి ఊటీకీ, మదురై నుంచి కొడైకెనాల్‌కీ కొండలెక్కుతారు. తెల్లవారుజామున ఎవరో ఒకరి ఫోను తప్పదు: "అన్నా, బండి సెల్ఫ్ తీసుకోవడం లేదు, ఏం చేసేది?" నలుగురూ చెప్పేది ఒకటే: "బ్యాటరీ పోయుంటుంది, కొత్తది వేసెయ్." ఈ సలహాకి మేము వ్యతిరేకం. ఎందుకో కాస్త వివరంగానే చెబుతాం, ఓపిగ్గా చదవండి.

చలి బ్యాటరీని చంపదు. చంపేది మన ఊళ్ల ఎండ. మదురైలో చిత్తిరై తిరువిళా నాటికి ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? బానెట్ కింద అంతకన్నా ఎక్కువ. ఆ వేడికి లోపలి సీసపు పలకలు తొందరగా చెడతాయి, నీరు ఆవిరవుతుంది. సగం ప్రాణం మే నెలలోనే పోతుంది. కానీ కింద ఉన్నంతకాలం అది బయటపడదు. మన దగ్గర మార్గళి రాత్రి కూడా ఇంజనుకు పెద్ద చలి కాదు కదా. ఊటీ 2,240 మీటర్ల ఎత్తు. జనవరిలో కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి దిగుతుంది, గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. ఆ చలిలో బ్యాటరీ బలం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజను తిరగడానికి ఎక్కువ బలం అడుగుతుంది. వేసవిలో పడిన దెబ్బ అప్పుడు తెలుస్తుంది, అదీ చంటిపిల్లలతో, మందులు వేసుకునే పెద్దవాళ్లతో కొండమీద ఉన్నప్పుడు.

కాబట్టి చూడాల్సింది కొండెక్కకముందు. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున మల్టీమీటరు పెట్టండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. ఒకరిని తాళం తిప్పమని మీటరు చూడండి: తిరుగుతున్నంతసేపూ 9.6 కంటే కిందికి పడకూడదు. స్టార్టయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అంతకన్నా తక్కువుంటే ఆల్టర్నేటరు చార్జి చేయడం లేదు, ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా అవీ పడుకుంటాయి. కొత్త రకం బళ్లలో కంప్యూటరు ఆల్టర్నేటరును తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, వాటికి ఈ చివరి లెక్క అచ్చంగా నప్పదు. అలాంటివి సర్వీసువాళ్లకే చూపించండి.

మీటరు లేకపోతే చెవులున్నాయి. టకటకమని వరసగా కొట్టుకుంటే కరెంటు చాలడం లేదు: బ్యాటరీ గానీ, టెర్మినళ్లు గానీ. ఒక్కసారి టక్కుమని ఆగిపోతే సెల్ఫ్ మోటారునో దాని సొలినాయిడ్‌నో అనుమానించాలి. జోరుగా తిరిగి కూడా అందుకోకపోతే బ్యాటరీ జోలికే పోవద్దు. పెట్రోలు బండైతే ప్లగ్గులూ ఇంధనమూ చూడాలి. డీజిలైతే గ్లో ప్లగ్గులు. ఊటీ గాలి పలచన, సిలిండరులో గాలి కింద ఉన్నంత వేడెక్కదు. నాలుగింట్లో రెండు గ్లో ప్లగ్గులు పోయినా కోవైలో బండి నడిచిపోతుంది, పైన మాత్రం తెల్లపొగ వదిలి మొరాయిస్తుంది. మీటరు మీద చుట్ట గుర్తు ఆరిపోయేదాకా ఆగి తాళం తిప్పమని మన డ్రైవర్లకు ఎన్నిసార్లు చెప్పినా వినరు.

మనవాళ్లు అసలు చూడనిది ఎర్త్ కేబులు. నిరుడు కొడైలో మన సభ్యుడొకరు అక్కడి షాపువాడి మాట విని కొత్త బ్యాటరీ వేయించారు. మర్నాడు పొద్దున మళ్లీ అదే కథ. కిందికి తెచ్చాక చూస్తే ఇంజనుకీ బాడీకీ మధ్య కేబులు తుప్పుపట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే బండి లేచింది. పింఛను మీద బతికే మనిషికి వేల రూపాయలు చిన్న మాట కాదు. ఆ షాపువాడు మోసం చేశాడని మేము అనం. వాడికి తెలిసిన వైద్యం అదొక్కటే. తాళం తిప్పేటప్పుడు బ్యాటరీ మైనస్ కొననుంచి ఇంజను లోహానికి మీటరు పెడితే అర వోల్టు దాటకూడదు. ఆ ఒక్క కొలత వాడు తీసి ఉంటే చాలు.

సెల్ఫ్ అంటే ఏమిటి, ఒక మోటారు. 1937లో దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి చేసింది ఈ కోవైలోనే. నాయుడుగారు ఒక ఇంగ్లీషు అధికారి మోటార్‌సైకిలు చూసి మనసుపడి, డబ్బు కూడబెట్టి దాన్నే కొని, విప్పి మళ్లీ బిగించి పని నేర్చుకున్న మనిషి. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి పళని మధ్య మొదలుపెట్టారు. ఏటా సభల్లో ఆయన పటానికి పూలమాల వేస్తాం, మంచిదే. కానీ ఆ మాల వేసిన చేతులు బానెట్ ఎత్తడానికి భయపడితే ఎలా? "ఇప్పటి బళ్లు అన్నీ కంప్యూటరు, మనం ముట్టుకోకూడదు" అంటారు కొందరు తమ్ముళ్లు. కంప్యూటరును ముట్టుకోమని ఎవరూ అనలేదు. టెర్మినలు మీద తెల్లటి పొడి పేరుకుంటే వేడినీళ్లతో కడగడానికి కంప్యూటరు చదువు అక్కర్లేదు.

పైన ఇరుక్కుంటే రెండు జాగ్రత్తలు. పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో అర నిమిషం ఆగండి. వేరే బండి నుంచి కేబులు వేస్తే ప్లస్సులు రెండూ కలిపాక, మైనస్ చివరి కొనను చచ్చిన బ్యాటరీకి కాకుండా దూరంగా ఇంజను లోహానికి తగిలించండి. బ్యాటరీ దగ్గర గ్యాసు ఉంటుంది, నిప్పురవ్వ పడితే పగులుతుంది.

పొంగల్ యాత్రకు ముందు అన్ని బళ్లూ చూడాలని సంఘాన్ని అడుగుతున్నాం. మండపానికి తోలుకొస్తే దారిలోనే బ్యాటరీ చార్జయి లెక్క తప్పుతుంది. అందుకే మీటరు పట్టుకుని మేమే పొద్దున ఆరింటికి మీ ఇళ్లకు వస్తాం, వర్క్‌షాపుల్లో పనిచేసి రిటైరైన పెద్దలు ఇద్దరు ముగ్గురు తోడొస్తే చాలు. మేము వచ్చేదాకా ఎవరూ తాళం తిప్పకండి. కాఫీ మాత్రం పెట్టి ఉంచండి.